గాజు వద్దన్న పటం

ఆ పటం గాంధీరోడ్డులో మా అంగటికి వచ్చిన దినం
నోట్లో మేకులు పెట్టుకోని
అలిమేలుమంగమ్మకు చట్రం కొడతా ఉన్నాను.
కొర్లగుంట బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరైన
పళణి అయ్యవారు
చంకలోని కాయితం చుట్ట బల్ల మీద పరిచి
నాలుగు మూలలా నా మేకుల డబ్బీలే బరువు పెట్టినాడు.

ఏరు.
ఊరికే ఏరు. మనిషి లేడు, పడవ లేదు.
గట్టున చెట్లు, నీళ్ళలో మళ్ళీ అవే చెట్లు.
"ఇందులో దేముడేడి సామీ?" అన్నాను.
ముప్పయ్యేండ్లుగా నేను పటం కట్టింది
దేముళ్ళకూ, చచ్చిపోయినోళ్ళకే గదా.
ఆయన నవ్వలా.
"గాజు మాత్రం వద్దు చెంగయ్యా.
గాజేస్తే నీ మొగం అగపడతాది, ఏరు అగపడదు."

అడ్వాన్సు యాభై ఇచ్చి పోయినాడు.
మళ్ళీ రాలా.

గోడకు తగిలించినాను.
దగ్గిర్నుంచి చూస్తే అది ఏరే కాదు.
నీలం ఒక గీటు, పసుపు ఒక మచ్చ,
పాలు విరిగినట్టు తెలుపు,
ఎవురో బ్రష్షు కడగను మరిచిపోయినట్టు.
కాళాస్తిరిలో కలంకారీ వేసే మా బావ
చూసి మూతి విరిచినాడు:
"నల్ల గీత లేకుండా బొమ్మ ఎట్లా నిలబడతాది?
బెల్లమూ తుప్పినుమూ నానేసి
దినాల తరబడి కాపలా కాసేది
ఆ ఒక్క గీత కోసరమే గదా!"
నేనేం చెప్పలా.
రోడ్డు దాటించి టీ బంకు కాడ నిలబెట్టి
వెనక్కి తిరిగి చూడమన్నాను.
జీపులు, చందనం పూసిన గుండ్లు, పూల బండి,
వాటి సందులోంచి
ఏరు
అలికిడి లేకుండా పారతా ఉంది.
ఆయప్ప టీ చల్లారిపోయింది.

ఇసక లారీ తోలే గుణశేఖర్
వాళ్ళ నాయన పోటోకు పటం కట్టించను వచ్చి
చానాసేపు ఆ నీళ్ళకల్లే చూసి అడిగినాడు:
"అన్నా, దీని కింద ఇసక ఎన్నడుగులుంటాది?"
అడిగినంక వాడికే సిగ్గేసింది.
చిల్లర తీసుకోకుండానే పోయినాడు.

ఆ నడుమ ఒక కార్తీకంలో
ఐదు దినాలు తెరిపి లేదు.
స్వర్ణముఖి ఎర్రగా అరిచి అరిచి
ఆరోనాడు గొంతు పోయినట్టు నిలిచింది.
మోపెడ్డేసుకోని పోయి చూసినాను.
నీళ్ళకు ఎక్కడా నల్ల గీత లేదు.
బావకు ఫోను చేసి చెప్పినాను.
"అయితే?" అన్నాడు. పెట్టేసినాడు.

నిన్న పళణి అయ్యవారు వచ్చినాడు,
కంటికి ఆపరేషనై, నల్ల అద్దాలతో.
నాలుగేండ్ల నాటి రశీదు మడత విప్పినాడు.
పటాన్ని చూసినాడు. అద్దాలు తీసి చూసినాడు.
"తలకిందులు కట్టినావు గదప్పా."

చెవులు వేడెక్కినాయి.
కొండీ ఊడదీసి ఆ పక్క బిగిద్దామని
స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి
ఎందుకో ఆగింది.

తొండవాడ కాడ, నాకు ఏడేండ్లప్పుడు,
ఎండిన ఏట్లో మాయమ్మ
కొబ్బరిచిప్పతో చెలమ తోడేది.
తేటపడేదాకా ముట్టుకోవద్దనేది.
మోకాళ్ళ మీద కూచోని కాచుకుంటే
అడుగునుంచి ముందు పైకొచ్చేది
నీళ్ళు కాదు, ఆకాశం.
ఆ ఆకాశంలో తలకిందులుగా
కొంగుతో చెమట తుడుచుకుంటా మాయమ్మ.
నేను మొదట చూసిన ఏరు అదే.
ఏరంటే అంతే అనుకున్నాను.

ఇదంతా ఆయనకు చెప్పలా.
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టేది?
ఆయనే నా చేతిలోని స్క్రూడ్రైవరు తీసి
బల్ల మీద పెట్టి
"బాకీ ఎంత?" అన్నాడు.
"నూటాయాభై."
పాత పేపర్లో చుట్టి పురికొస కట్టి ఇస్తే
చంకలో పెట్టుకోని బస్టాండు తట్టు నడిచినాడు,
ఏ పక్క పైకుండాదో
చూసుకోకుండా.